యూనిట్ 11: విండోస్ రిజిస్ట్రీ - అవగాహన, సురక్షితంగా సవరించే పద్ధతి

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 రిజిస్ట్రీ అంటే ఏమిటి?
11.3 రిజిస్ట్రీ నిర్మాణం
11.4 రిజిస్ట్రీ ఎక్కడ భద్రమై ఉంటుంది?
11.5 రిజిస్ట్రీలో తెలుగు
11.6 మార్పుకు ముందు చేయవలసిన పనులు
11.7 ప్రయోగశాల అభ్యాసం
11.8 పొరపాటు జరిగితే తిరిగి వచ్చే దారులు
11.9 చేయకూడని పనులు
11.10 సారాంశం
11.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి
11.12 నమూనా పరీక్ష ప్రశ్నలు
11.13 ముఖ్య పదాలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:

• విండోస్ రిజిస్ట్రీ అంటే ఏమిటో, అది ఎందుకు ఏర్పడిందో వివరించగలుగుతారు.
• కీ, విలువ, దత్తాంశం అనే మూడింటి మధ్య తేడా గుర్తించగలుగుతారు.
• ఒక సమస్యకు రిజిస్ట్రీ మార్పు అవసరమా, కాదా అని నిర్ణయించుకోగలుగుతారు.
• మార్పుకు ముందు బ్యాకప్ తీసి, అవసరమైనప్పుడు పాత స్థితికి తిరిగి రాగలుగుతారు.

11.1 పరిచయం

విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న డీటీపీ కేంద్రం ఉందనుకుందాం. అక్కడ ఉన్నది ఒకే కంప్యూటర్. పాతది పాడైపోవడంతో విండోస్ 10 ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నారు. చాలా కాలం కిందట గౌతమి ఫాంటులో కూర్చిన ఒక పుస్తకం రెండో ముద్రణకు వచ్చింది. పాత ఫైలు తెరిచారు. అక్షరాలన్నీ తెలుగులోనే కనబడుతున్నాయి. కాని అక్షరాల ఆకారం వేరుగా ఉంది. పేరాలు కిందికి జారాయి, అధ్యాయాలు వేరే పేజీల్లో మొదలవుతున్నాయి, విషయసూచికలోని పేజీ సంఖ్యలు తప్పుతున్నాయి. మర్నాటి ఉదయానికి ఫైలు ప్రెస్సుకు వెళ్లాలి.

"రిజిస్ట్రీలో ఒక్క లైను మారిస్తే సరిపోతుంది" అని ఎవరో సలహా ఇచ్చారు. ఆపరేటరు రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచాడు. ఫాంట్లకు సంబంధించిన చోటు దొరికింది. ఒక లైను తొలగించబోయి, ఎడమవైపున ఉన్న మొత్తం కీని తొలగించాడు. ఎడిటర్‌లో 'అన్‌డూ' కోసం వెతికాడు. అది లేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టేసరికి, అంతకుముందు ఉన్న ఫాంట్లు కూడా జాబితాలో లేవు. పుస్తకం మాట అటుంచి, శుభలేఖ కూర్చడానికి కూడా వీల్లేకుండా పోయింది.

ఈ ఉదాహరణలో జరిగిన తప్పులు రెండు. మొదటిది, అసలు రిజిస్ట్రీ అవసరం లేని సమస్యకు రిజిస్ట్రీని ముట్టుకోవడం. రెండోది, వెనక్కి వచ్చే దారి వేసుకోకుండా ముందుకు వెళ్లడం. రిజిస్ట్రీలో ఒక విలువ మార్చడం అర నిమిషం పని. అది మార్చాలా వద్దా అని తేల్చుకోవడం, మారిస్తే తిరిగి రావడం ఎలా అన్నది ముందే సిద్ధం చేసుకోవడం - నేర్చుకోవలసిన విద్య ఈ రెండే. డీటీపీ కేంద్రం కథకు 11.6లో మళ్లీ వద్దాం.

11.2 రిజిస్ట్రీ అంటే ఏమిటి?

రిజిస్ట్రీ అనగానే మనకు పొలాలు, ఇళ్ల స్థలాలు రిజిస్టరు చేసే కార్యాలయం గుర్తుకు వస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. అయినా ఒక పోలిక మాత్రం ఉపయోగపడుతుంది. అక్కడ దస్తావేజులో ఏమి రాసి ఉందో దాన్నిబట్టే తర్వాతి వ్యవహారం నడుస్తుంది. ఇక్కడ కూడా అంతే. విండోస్, అందులోని ప్రోగ్రాములు తాము ఎలా పనిచేయాలో రిజిస్ట్రీలో చదువుకుని, అక్కడ రాసి ఉన్నదాన్ని నమ్మి నడుచుకుంటాయి. రాత తప్పయితే నడక తప్పుతుంది.

నిర్వచనం: విండోస్ నిర్వహణ వ్యవస్థ, హార్డ్‌వేర్, ప్రోగ్రాములు, వినియోగదారుల ఖాతాలకు సంబంధించిన అమరికలను అంచెలంచెలుగా భద్రపరచే కేంద్రీయ డేటాబేస్‌ను రిజిస్ట్రీ అంటారు.

తొలినాళ్ల విండోస్‌లో ఈ అమరికలు 'ఐఎన్ఐ' ఫైళ్లు అనే మామూలు పాఠ్య ఫైళ్లలో ఉండేవి. విన్.ఐఎన్ఐ, సిస్టమ్.ఐఎన్ఐ వాటిలో ముఖ్యమైనవి. ప్రతి ప్రోగ్రాము తనకంటూ మరో ఫైలు పెట్టుకునేది. ప్రోగ్రాములు పెరిగేకొద్దీ ఏ అమరిక ఏ ఫైలులో ఉందో తెలియని పరిస్థితి వచ్చింది. ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు ముగ్గురు వాడితే ఎవరి అమరికలు వారికి విడిగా ఉంచడం కష్టమైంది.

1992లో వచ్చిన విండోస్ 3.1లో రిజిస్ట్రీ చిన్న రూపంలో కనిపించింది. ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రాము తెరవాలి వంటి కొద్దిపాటి వివరాలే అందులో ఉండేవి. 1993లో విండోస్ ఎన్‌టీ, 1995లో విండోస్ 95 వచ్చాక అది మొత్తం వ్యవస్థకు కేంద్రమైంది. నేటి విండోస్ 10, విండోస్ 11లలోనూ అదే కొనసాగుతోంది. లినక్స్‌లో ఇటువంటి ఒకే కేంద్రం లేదు. అక్కడ వ్యవస్థ అమరికలు ఎక్కువగా విడివిడి పాఠ్య ఫైళ్లలో ఉంటాయి. అన్నీ ఒకచోట ఉండటం రిజిస్ట్రీకి ఉన్న సౌకర్యం. ఒకచోట చెడితే అనేక చోట్ల ప్రభావం పడటం దానికి ఉన్న ప్రమాదం.

11.3 రిజిస్ట్రీ నిర్మాణం

కృష్ణా డెల్టాలో నీరు పొలానికి ఎలా చేరుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి. ప్రకాశం బ్యారేజి దగ్గర హెడ్ రెగ్యులేటర్ల గుండా నీరు ప్రధాన కాలువల్లోకి వెళ్తుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ తూర్పు వైపువి. వాటి నుంచి శాఖా కాలువలు, వాటి నుంచి పిల్లకాలువలు, చివరకు పొలంలోని బోదె. పిల్లకాలువ తూము మూస్తే ఒకరిద్దరి పొలాలకు నీరు ఆగుతుంది. బ్యారేజి దగ్గర షట్టర్ మూస్తే ఆ కాలువ కింద ఉన్న ఊళ్లన్నిటికీ ఆగుతుంది.

రిజిస్ట్రీ అమరిక కూడా ఇలాంటిదే. తల నుంచి కొసకు శాఖలుగా విడిపోతుంది. తల దగ్గర చేసిన మార్పు ప్రభావం విస్తృతంగా, కొస దగ్గర చేసిన మార్పు ప్రభావం పరిమితంగా ఉంటుంది. పైన చెప్పిన ఆపరేటరు మూయబోయింది ఒక తూము. మూసింది కాలువ తలుపు.

11.3.1 కీ, విలువ, దత్తాంశం

రిజిస్ట్రీ ఎడిటర్ కిటికీ రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమవైపు ఫోల్డర్ల వంటి గుర్తులతో కనబడేవి కీలు. ఒక కీ లోపల మరికొన్ని కీలు ఉండవచ్చు. వాటిని ఉపకీలు అంటారు. కుడివైపు కనబడేవి విలువలు. ప్రతి విలువకు మూడు అంశాలు ఉంటాయి: పేరు, రకం, దత్తాంశం.

కీని తొలగిస్తే దానిలోని ఉపకీలు, విలువలు అన్నీ పోతాయి. విలువను తొలగిస్తే ఆ ఒక్కటే పోతుంది. కాబట్టి 'డిలీట్' నొక్కే ముందు ఎంపికైన గుర్తు ఎడమవైపు ఉందో, కుడివైపు ఉందో తప్పక చూసుకోవాలి.

11.3.2 ఐదు మూల కీలు

రిజిస్ట్రీలో పైఅంచెన ఐదు మూల కీలు కనబడతాయి. తెరపై వీటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, పదాల మధ్య అడ్డగీతతో ఉంటాయి.

(1) హెచ్‌కీ క్లాసెస్ రూట్: ఏ రకం ఫైలు ఏ ప్రోగ్రాముతో తెరుచుకోవాలో తెలిపేది.
(2) హెచ్‌కీ కరెంట్ యూజర్: ప్రస్తుతం లాగిన్ అయిన వ్యక్తి అమరికలు.
(3) హెచ్‌కీ లోకల్ మెషీన్: కంప్యూటర్ మొత్తానికి వర్తించే అమరికలు.
(4) హెచ్‌కీ యూజర్స్: కంప్యూటర్‌లో ఆ సమయానికి తెరిచి ఉన్న ఖాతాల అమరికలు.
(5) హెచ్‌కీ కరెంట్ కాన్ఫిగ్: ప్రస్తుత హార్డ్‌వేర్ రూపురేఖలు.

ఇవి ఐదుగా కనబడినా నిజానికి ఐదు వేర్వేరు కట్టలు కావు. 'కరెంట్ యూజర్' అనేది 'యూజర్స్'లోని ఒక శాఖను చూపే దారి. 'కరెంట్ కాన్ఫిగ్' అనేది 'లోకల్ మెషీన్'లోని ఒక శాఖను చూపుతుంది. 'క్లాసెస్ రూట్' అనేది లోకల్ మెషీన్, కరెంట్ యూజర్ రెండింటిలోని 'క్లాసెస్' కీలను కలిపి చూపేది. అందువల్ల అసలు తలలు రెండే: లోకల్ మెషీన్, యూజర్స్.

విద్యార్థి గుర్తుంచుకోవలసిన ముఖ్య భేదం ఇది. కరెంట్ యూజర్‌లో పొరపాటు చేస్తే సాధారణంగా ఆ ఒక్క ఖాతాకే ఇబ్బంది. లోకల్ మెషీన్‌లో పొరపాటు చేస్తే ఆ కంప్యూటర్ వాడే అందరికీ ఇబ్బంది. అందుకే లోకల్ మెషీన్‌లో చాలా చోట్ల మార్పు చేయాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి.

11.3.3 విలువల రకాలు

తరచుగా ఎదురయ్యే రకాలు నాలుగు.

స్ట్రింగ్: మామూలు పాఠ్యం. తెరపై 'రెగ్ ఎస్‌జెడ్' అని కనబడుతుంది.
డీవర్డ్: 32 బిట్ల సంఖ్య. ఒక సౌకర్యం పనిచేయాలా వద్దా అన్నదానికి తరచుగా 1 లేదా 0 రూపంలో వాడతారు.
బైనరీ: యంత్రానికి అర్థమయ్యే ముడి దత్తాంశం. దీన్ని చేత్తో సవరించే ప్రయత్నం చేయకూడదు.
మల్టీ స్ట్రింగ్: ఒకే విలువలో అనేక పాఠ్య వరుసలు.

డీవర్డ్ విషయంలో ఒక జాగ్రత్త. సంఖ్య నమోదు చేసే పెట్టెలో 'హెక్సాడెసిమల్', 'డెసిమల్' అని రెండు ఎంపికలుంటాయి. మొదట ఎంపికై ఉండేది హెక్సాడెసిమల్. దాన్ని గమనించకుండా 10 అని కొడితే నమోదయ్యేది పది కాదు, పదహారు.

11.4 రిజిస్ట్రీ ఎక్కడ భద్రమై ఉంటుంది?

ఎడిటర్‌లో ఒకే చెట్టులా కనబడినా, డిస్కులో రిజిస్ట్రీ అనేక ఫైళ్లుగా ఉంటుంది. ఈ ఫైళ్లను 'హైవ్'లు అంటారు. లోకల్ మెషీన్‌కు చెందిన సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ అనే హైవ్‌లు విండోస్ ఫోల్డర్‌లోని 'సిస్టమ్32'లో, 'కాన్ఫిగ్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఒక్కొక్క వినియోగదారుడి అమరికలు అతని ప్రొఫైల్ ఫోల్డర్‌లో 'ఎన్‌టీయూజర్.డాట్' అనే దాగి ఉన్న ఫైలులో ఉంటాయి. 'శామ్'లో ఖాతాల వివరాలుంటాయి. విండోస్ నడుస్తున్నంతసేపు ఈ ఫైళ్లు తెరిచే ఉంటాయి. అందువల్ల వాటిని మామూలు ఫైళ్లలా కాపీ చేయడం కుదరదు.

పూర్వం విండోస్ 'రెగ్‌బ్యాక్' అనే ఫోల్డర్‌లో హైవ్‌ల నకళ్లను తనంతట తానే ఉంచేది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఇది మామూలుగా జరగడం లేదు. పాత పుస్తకాల్లో, పాత సలహాల్లో "రెగ్‌బ్యాక్ నుంచి తెచ్చుకోవచ్చు" అని చదివి దానిపై ఆధారపడకండి. ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైళ్ల పేర్లున్నా పరిమాణం సున్నాగా కనబడవచ్చు.

11.5 రిజిస్ట్రీలో తెలుగు

రిజిస్ట్రీ అనేది ఎక్కడో దూరపు విషయం కాదు. మీరు రోజూ తెలుగు టైపు చేసే ప్రతిసారీ విండోస్ దాన్ని ఆధారం చేసుకుంటుంది. కింది మూడు చోట్లు చూడండి. ఇవి చూడటానికే, మార్చడానికి కాదు.

(అ) కీబోర్డు: కరెంట్ యూజర్‌లో 'కీబోర్డ్ లేఔట్', దానిలో 'ప్రీలోడ్' కీ ఉంటుంది. కుడివైపు 1, 2 అనే పేర్లతో విలువలుంటాయి. తెలుగు కీబోర్డు అమర్చుకుని ఉంటే వాటిలో ఒకదాని దత్తాంశం 0000044ఎ అని ఉంటుంది. చివరిది ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి అక్షరం. ఇది హెక్సాడెసిమల్ సంఖ్య. దీన్ని దశాంశంలోకి మారిస్తే 4×256 + 4×16 + 10, అంటే 1098. విండోస్ తెలుగు భాషకు కేటాయించిన సంఖ్య ఇదే.

(ఆ) కీబోర్డు వివరాలు: లోకల్ మెషీన్‌లో సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, కీబోర్డ్ లేఔట్స్ అనే వరుసలో వెళ్తే అదే 0000044ఎ పేరుతో ఒక కీ కనబడుతుంది. ఏ ఫైలు తెలుగు అక్షరాలను మీటలకు కలుపుతుందో అక్కడ రాసి ఉంటుంది. పైన (అ)లో ఉన్న సంఖ్య ఈ కీకి దారి చూపుతుంది. రిజిస్ట్రీలో ఒకచోటి విలువ మరొకచోటి కీని ఇలా సూచించడం మామూలు. అందుకే "ఇది ఎవరికీ పనికిరాని కీలా ఉంది" అనుకుని తొలగించడం ప్రమాదం.

(ఇ) ఫాంట్లు: లోకల్ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, ఫాంట్స్ అనే వరుసలో ఫాంట్ల జాబితా ఉంటుంది. ప్రతి విలువ పేరు ఒక ఫాంటు పేరు. దత్తాంశం ఆ ఫాంటు ఫైలు పేరు. ఉదాహరణకు దివిసీమకు చెందిన మండలి వెంకట కృష్ణారావు పేరు మీద రూపొందిన 'మండలి' ఫాంటును అందరు వినియోగదారుల కోసం స్థాపిస్తే దానికి ఇక్కడ ఒక విలువ చేరుతుంది. ఒక్క ఖాతాకే స్థాపిస్తే కరెంట్ యూజర్‌లోని అటువంటి కీలో చేరుతుంది. 'ఫాంట్స్' పక్కనే 'ఫాంట్ సబ్‌స్టిట్యూట్స్' అనే మరో కీ ఉంది. ఒక ఫాంటు లేనప్పుడు దాని బదులు ఏది వాడాలో అందులో రాసి ఉంటుంది.

పాత డీటీపీ ఫాంట్ల గురించి ఒక మాట. అను వంటి యూనికోడ్‌కు ముందు తరం ఫాంట్లలో కూర్చిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. కారణం, ఆ ఫైలులో ఉన్న సంకేతాలు తెలుగు యూనికోడ్ సంకేతాలు కావు. రిజిస్ట్రీలో ఏమి మార్చినా ఆ సంకేతాలు మారవు. సంబంధిత ఫాంటు స్థాపించడం, లేదా మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చడం - దారులు ఈ రెండే.

11.6 మార్పుకు ముందు చేయవలసిన పనులు

11.6.1 మూడు ప్రశ్నలు

ఒకటి: ఇదే పని సెట్టింగ్స్ ద్వారా చేయవచ్చా? చేయగలిగితే అక్కడే చేయాలి. సెట్టింగ్స్‌లో ఒక మీట నొక్కితే విండోస్ రిజిస్ట్రీలో సంబంధిత చోట్లన్నిటినీ కలిపి మారుస్తుంది. మనం చేత్తో మారిస్తే ఒకచోట మార్చి మరొకచోట మరచిపోతాం. తెలుగు కీబోర్డు ఇందుకు మంచి ఉదాహరణ. 'ప్రీలోడ్' ఒక్కటే మారిస్తే చాలదు. భాషల జాబితా మరో కీలో కూడా ఉంటుంది.

రెండు: ఈ మార్పు నా సమస్యకు నిజంగా సంబంధించినదేనా? ఇక్కడ మన డీటీపీ కేంద్రానికి తిరిగి వద్దాం. గౌతమి ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. విండోస్ 8 నుంచి తెలుగుకు 'నిర్మల యూఐ' ఫాంటు వచ్చింది. విండోస్ 10లో గౌతమి, వాణి ఫాంట్లను విడిగా చేర్చుకునే అదనపు సౌకర్యంగా ఉంచారు. కాబట్టి కొత్త కంప్యూటర్‌లో అవి ఉండకపోవచ్చు. అప్పుడు ఫైలు వేరే ఫాంటులో కనబడుతుంది.

ఆపరేటరు 'ఫాంట్ సబ్‌స్టిట్యూట్స్'లో గౌతమికి బదులు నిర్మల అని ఎంత జాగ్రత్తగా రాసినా పుస్తకం సరిపడదు. ఎందుకంటే నిర్మల అక్షరాల వెడల్పు, ఎత్తు వేరు. పేజీలు జారుతూనే ఉంటాయి. కావలసింది అసలు గౌతమి. సెట్టింగ్స్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్' తెరిచి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' చేర్చుకుంటే అది వస్తుంది. రిజిస్ట్రీ ముఖం చూడనవసరం లేదు.

మూడు: సలహా ఎక్కడి నుంచి వచ్చింది? విండోస్ తయారీదారు లేదా ఆ ప్రోగ్రాము తయారీదారు ఇచ్చిన సూచనా? మీ విండోస్ వెర్షన్‌కు వర్తిస్తుందా? ఏ కీ, ఏ విలువ, ఏ రకం అన్నది స్పష్టంగా ఉందా? ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ఆగండి.

11.6.2 మూడు బ్యాకప్‌లు

(అ) కీ ఎగుమతి: మార్చబోయే కీని ఎడమవైపు ఎంచుకుని, ఫైల్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్' నొక్కి, తేదీతో కూడిన పేరు పెట్టి భద్రపరచండి. కింద 'సెలెక్టెడ్ బ్రాంచ్' ఎంపికై ఉండాలి. 'ఆల్' ఎంచుకుని మొత్తం రిజిస్ట్రీని ఎగుమతి చేసినా, నడుస్తున్న విండోస్‌లోకి దాన్ని పూర్తిగా తిరిగి ఎక్కించలేం. చాలా కీలు వాడుకలో ఉంటాయి కాబట్టి ఎడిటర్ వాటిని రాయలేదు.

(ఆ) రిస్టోర్ పాయింట్: వెతికే పెట్టెలో 'రిస్టోర్ పాయింట్' అని టైపు చేసి, వచ్చిన కిటికీలో 'సిస్టమ్ ప్రొటెక్షన్' చూడండి. చాలా కంప్యూటర్లలో అది ఆపివేసి ఉంటుంది. ముందు దాన్ని ఆన్ చేసి, తర్వాత 'క్రియేట్' నొక్కండి. ఇది రిజిస్ట్రీతో సహా వ్యవస్థ ఫైళ్ల స్థితిని గుర్తుంచుకుంటుంది.

(ఇ) సొంత ఫైళ్ల నకలు: రిస్టోర్ పాయింట్ మీ పత్రాలను, ఫోటోలను కాపాడదు. వాటిని పెన్‌డ్రైవ్‌లోనో, బయటి డిస్కులోనో విడిగా ఉంచాలి. ఆ డిస్కును కూడా కంప్యూటర్ పక్కనే పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా నీట మునిగింది. అలాంటి రోజున ఒకే గదిలో ఉన్న కంప్యూటర్, దాని బ్యాకప్ రెండూ కలిసే తడుస్తాయి.

11.7 ప్రయోగశాల అభ్యాసం

ఈ అభ్యాసంలో మీరు సొంతంగా ఒక కీ సృష్టించి, మార్చి, తిరిగి తెచ్చుకుంటారు. ఏ ప్రోగ్రామూ ఈ కీని చదవదు కాబట్టి ప్రమాదం లేదు.

1. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఆర్, ఇ, జి, ఇ, డి, ఐ, టి అక్షరాలను కలిపి టైపు చేసి ఎంటర్ నొక్కండి. అనుమతి అడిగితే 'ఎస్' అనండి.

2. కరెంట్ యూజర్‌ను విప్పి, 'సాఫ్ట్‌వేర్' మీద కుడి మీట నొక్కి, 'న్యూ', 'కీ' ఎంచుకోండి. దానికి 'అభ్యాసం' అని తెలుగులోనే పేరు పెట్టండి. రిజిస్ట్రీ యూనికోడ్‌ను అంగీకరిస్తుంది.

3. కుడివైపు ఖాళీలో 'న్యూ', 'స్ట్రింగ్ వాల్యూ' ఎంచుకుని 'ఊరు' అని పేరు పెట్టండి. దానిపై రెండుసార్లు నొక్కి దత్తాంశంగా 'బందరు' అని రాయండి.

4. 'న్యూ', 'డీవర్డ్' ఎంచుకుని 'ఎకరాలు' అని పేరు పెట్టండి. హెక్సాడెసిమల్‌లోనే ఉంచి 10 అని కొట్టండి. కుడివైపు కుండలీకరణాల్లో 16 అని కనబడుతుంది. మళ్లీ తెరిచి, డెసిమల్ ఎంచుకుని 10 కొట్టండి. తేడా గమనించండి.

5. 'అభ్యాసం' కీని ఎంచుకుని ఎగుమతి చేయండి. ఇది మీ బ్యాకప్.

6. ఇప్పుడు 'ఊరు' దత్తాంశాన్ని 'గుడివాడ'గా మార్చండి. 'కాలువ' అనే కొత్త స్ట్రింగ్ విలువ చేర్చి, 'ఏలూరు కాలువ' అని రాయండి. ఎక్కడా 'సేవ్' నొక్కలేదని గమనించండి. మార్పు అప్పటికప్పుడే నమోదైంది.

7. ఎగుమతి చేసిన ఫైలుపై రెండుసార్లు నొక్కి, హెచ్చరికకు 'ఎస్' అనండి. ఎడిటర్‌లో ఎఫ్5 నొక్కి చూడండి.

ఫలితం: 'ఊరు' మళ్లీ 'బందరు' అయింది. కాని 'కాలువ' అలాగే ఉంది. బ్యాకప్‌లో లేని విలువ ఎందుకు మిగిలింది? ఎందుకంటే ఈ ఫైలు పాత విలువలను తెచ్చి కలుపుతుంది. కొత్తగా చేరిన వాటిని తీసివేయదు. ఇది ఈ యూనిట్‌లో అతి ముఖ్యమైన పరిశీలన. మీరు కొత్తగా చేర్చిన విలువలను మీరే విడిగా తొలగించాలి. అందుకే మార్పు చేసేటప్పుడు ఏమి చేర్చారో, ఏమి మార్చారో ఒక కాగితం మీద రాసుకోవాలి.

8. ఎగుమతి చేసిన ఫైలుపై కుడి మీట నొక్కి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరుసలో ఎడిటర్ పేరు, 5.00 అనే వెర్షన్ సంఖ్య ఉంటాయి. తర్వాత చదరపు కుండలీకరణాల్లో కీ దారి, దాని కింద విలువలు ఉంటాయి. ఏమీ మార్చకుండా మూసివేయండి. దీన్ని 'ఆన్సీ' రూపంలో భద్రపరిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థక చిహ్నాలుగా మారతాయి.

9. చివరగా 'అభ్యాసం' కీని తొలగించండి. ముందు ఎడిటర్ పైభాగంలోని దారి పట్టీలో 'అభ్యాసం' అని ఉందో లేదో చదివి నిర్ధారించుకోండి. ఈ అలవాటు ప్రతిసారీ పాటించండి.

11.8 పొరపాటు జరిగితే తిరిగి వచ్చే దారులు

మొదట చేయవలసింది కొత్త మార్పులు ఆపడం. ఒక తప్పును సరిచేయడానికి మరో నాలుగు విలువలు మారిస్తే దారి మరింత చిక్కుపడుతుంది.

విండోస్ తెరుచుకుంటుంటే: ఎగుమతి ఫైలును తిరిగి ఎక్కించండి. మీరు చేర్చిన విలువలను కాగితం చూసి తొలగించండి. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెట్టండి. అనేక అమరికలను విండోస్ ప్రారంభంలోనో, లాగిన్ సమయంలోనో మాత్రమే చదువుతుంది. అది చాలకపోతే రిస్టోర్ పాయింట్‌కు వెళ్లండి.

విండోస్ తెరుచుకోకపోతే: వరుసగా రెండు మూడుసార్లు ప్రారంభం విఫలమైతే రికవరీ తెర సాధారణంగా దానంతట అదే వస్తుంది. లాగిన్ తెర వరకు వస్తుంటే, షిఫ్ట్ మీట పట్టుకుని 'రీస్టార్ట్' నొక్కినా అక్కడికి చేరవచ్చు. అక్కడ 'ట్రబుల్‌షూట్', 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' ద్వారా 'సిస్టమ్ రిస్టోర్' ఎంచుకోండి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లే దారి కూడా అక్కడే ఉంది. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. దాన్ని ముందే రాసి వేరే చోట దాచుకోవాలి.

ఏదీ పనిచేయకపోతే విండోస్‌ను మళ్లీ స్థాపించడమే మిగులుతుంది. అప్పుడు 11.6.2(ఇ)లో చెప్పిన నకలు ఉంటే పోయేది ఒక పూట. లేకపోతే ఏళ్ల తరబడి కూర్చిన ఫైళ్లు పోవచ్చు.

11.9 చేయకూడని పనులు

• 'రిజిస్ట్రీ క్లీనర్' ప్రోగ్రాములను వాడకండి. పనికిరాని కొన్ని వందల విలువలు మిగిలి ఉన్నా కంప్యూటర్ వేగం గుర్తించదగినంత తగ్గదు. క్లీనర్ పొరపాటున అవసరమైన కీని తీసివేస్తే మాత్రం నష్టం జరుగుతుంది. ఇటువంటి ప్రోగ్రాముల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ కూడా సమర్థించదు.

• ఎవరో పంపిన రిజిస్ట్రీ ఫైలుపై రెండుసార్లు నొక్కకండి. ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి. కీ దారికి ముందు మైనస్ గుర్తు ఉంటే ఆ కీ మొత్తం తొలగిపోతుంది. విలువ పేరు తర్వాత సమాన చిహ్నం, మైనస్ గుర్తు ఉంటే ఆ విలువ తొలగిపోతుంది.

• ఒక కంప్యూటర్ నుంచి ఎగుమతి చేసిన సిస్టమ్ కీని మరో కంప్యూటర్‌లోకి ఎక్కించకండి. రెండింటి హార్డ్‌వేర్, వెర్షన్ వేరు కావచ్చు.

• ఒకేసారి అనేక మార్పులు చేయకండి. ఒకటి మార్చి, ఫలితం చూసి, తర్వాతే రెండోది.

• ఇతరుల కంప్యూటర్‌లో, కార్యాలయం కంప్యూటర్‌లో యజమాని అనుమతి లేకుండా రిజిస్ట్రీని తెరవకండి.

11.10 సారాంశం

రిజిస్ట్రీ విండోస్ అమరికల కేంద్రీయ డేటాబేస్. అది కీలు, విలువలతో అంచెలంచెలుగా ఉంటుంది. తల దగ్గర మార్పు అందరినీ, కొస దగ్గర మార్పు కొందరినీ తాకుతుంది. ఎడిటర్‌లో 'సేవ్' లేదు, 'అన్‌డూ' లేదు. కాబట్టి వెనక్కి వచ్చే దారిని మనమే ముందుగా వేసుకోవాలి. కీ ఎగుమతి, రిస్టోర్ పాయింట్, సొంత ఫైళ్ల నకలు - ఈ మూడూ ఉన్నాకనే మార్పు గురించి ఆలోచించాలి. ఎగుమతి ఫైలు పాత విలువలను తెస్తుంది గాని కొత్తవాటిని తీసివేయదు. అన్నిటికన్నా ముందు, సెట్టింగ్స్‌లో జరిగే పనికి రిజిస్ట్రీ తలుపు తట్టకూడదు.

11.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కీని తొలగించడానికీ, విలువను తొలగించడానికీ తేడా ఏమిటి?
2. డీవర్డ్ పెట్టెలో హెక్సాడెసిమల్ ఎంపికై ఉండగా 20 అని కొడితే దశాంశంలో ఎంత నమోదవుతుంది?
3. ఎగుమతి ఫైలును తిరిగి ఎక్కించాక కూడా కొత్త విలువ ఎందుకు మిగిలిపోతుంది?

జవాబులు: 1. కీతో పాటు ఉపకీలు, విలువలు అన్నీ పోతాయి. విలువ తొలగిస్తే అదొక్కటే పోతుంది. 2. 32. 3. ఆ ఫైలు కలపడం మాత్రమే చేస్తుంది, తనలో లేనివాటిని తొలగించదు.

11.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. రిజిస్ట్రీ నిర్మాణాన్ని, ఐదు మూల కీల పరస్పర సంబంధాన్ని వివరించండి.
2. రిజిస్ట్రీలో మార్పుకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలను తగిన ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఐఎన్ఐ ఫైళ్ల స్థానంలో రిజిస్ట్రీ ఎందుకు వచ్చింది?
2. గౌతమి ఫాంటు లేని కంప్యూటర్‌లో పాత పుస్తకం పేజీలు ఎందుకు జారుతాయి? ప్రత్యామ్నాయ ఫాంటు పేరు రిజిస్ట్రీలో రాస్తే ఆ సమస్య ఎందుకు తీరదు?

11.13 ముఖ్య పదాలు

కీ: రిజిస్ట్రీలో ఫోల్డర్ వంటి విభాగం.
విలువ: కీలో ఉండే ఒక అమరిక, పేరు, రకం, దత్తాంశం కలది.
హైవ్: రిజిస్ట్రీలోని ఒక భాగాన్ని డిస్కులో భద్రపరచే ఫైలు.
ఎగుమతి: ఎంచుకున్న కీని పాఠ్య ఫైలుగా బయటికి తీయడం.
రిస్టోర్ పాయింట్: వ్యవస్థ ఒకానొక సమయంలో ఉన్న స్థితికి తిరిగి రావడానికి ఉంచుకునే గుర్తు.